బుధవారం, తప్పనిసరి

బుధవారం రెండింటికి
వల్దీవియాలో వాన పడకపోతేనే వింత.
మూడో అంతస్తు, కట్టెల పొయ్యి ఉన్న గది,
పొయ్యి చుట్టూ ఆరేసిన పదకొండు గొడుగులు,
గొడుగుల కింద పదకొండు బుల్లి మడుగులు.
కోర్సు పేరు చెప్పాలంటే ఊపిరి చాలదు,
రిజిస్ట్రారు ఆఫీసులో దాన్ని ‘తప్పనిసరి’ అనే పిలుస్తారు.

ప్రొఫెసర్ ఓయార్సూన్ మొదటిరోజు
బోర్డు మీద ఒక్క మాటే రాసింది: చిత్తడి.
“ఇదేమిటో చెప్పండి,
ఇంట్లో మాట్లాడే మాటల్లో కాదు,
మీ డిగ్రీ మాటల్లో.”

ఇలారియో ఇంజనీరు. లోతు చెప్పాడు, దశాంశాలతో సహా.
ఫ్రెసియా లాయరు. సెక్షన్ చెప్పింది,
దాని మినహాయింపుని ఇంకాస్త ఇష్టంగా చెప్పింది.
లియెంతుర్ పక్షుల మనిషి,
నల్లమెడ హంసలు ఏ ఏడాది ఎన్నో చెబుతూ
ఒక ఏడాది దగ్గర ఆగిపోయాడు.
నా వంతు వచ్చింది.
పదహారేళ్ళు కాన్పుల వార్డులో నర్సుని.
నీళ్ళు నమిలాను.

సెప్టెంబరంతా ‘సాక్ష్యం’ మీద గొడవ.
ఫ్రెసియాకి సాక్ష్యమంటే ప్రమాణం చేసి నిలబడే మనిషి,
ఇలారియోకి సీసాలో పోసి చీటీ అంటించిన బురద.
“నీ బురద అబద్ధం ఆడితే?” అందామె.
“నీ మనిషి ఆరిపోతే?” అన్నాడతను.
రెండు వారాలు
ఒకే కెటిల్లో నీళ్ళు కాచుకున్నారు, విడివిడిగా.

ఆఖరి పరీక్ష: నలుగురికి కలిపి ఒక పేజీ.
నాలుగు సంతకాలు.
ఏ పేరా ఎవరు రాశారో నాకు తెలిసిపోతే
మార్కులు కోస్తానంది ప్రొఫెసర్.

పడవలో వెళ్ళాం, దోన్యా ఎదెల్మీరా దగ్గరికి.
భూమి కుంగిన ఆదివారం ఆమెకు తొమ్మిదేళ్ళు.
ఏటి మధ్య నీళ్ళలోంచి
కంచె గుంజల తలలు కనబడుతున్నాయి.
“అదిగో, మా పచ్చిక” అంది.
నాన్న బతికున్నంత కాలం పడవలో నిలబడి
గుంజలు సరిచేసేవాడట.
“నేల మునిగింది గానీ హద్దు మునిగిందా?”
ఫ్రెసియా గబగబా రాసుకుంది.
ఇలారియో కర్ర దింపి లోతు చూశాడు.
లియెంతుర్ ఆకాశం చూశాడు.
వార్డులో అడిగినట్టే అడిగాను నేను,
“ఆ రాత్రి ఏం తిన్నారు?”

ఆమె నవ్వింది, అరవై ఏళ్ళలో
ఎవరూ అడగని ప్రశ్న విన్నట్టు.
“గుట్ట మీద మా ఆవు ఈనింది.
నేల ఇంకా వణుకుతూనే ఉంది,
దూడ కూడా.
మూడు రోజులు జున్నుపాలే తాగాం.
చక్కెర లేదు.”

పేజీలో మొదటి వాక్యానికి తొమ్మిది రోజులు పట్టింది.
‘మునిగింది’ అని రాస్తే ఆ నేల ఎదెల్మీరాది,
‘పుట్టింది’ అని రాస్తే హంసలది.
నీరు ఎక్కడికీ రాలేదు, నేలే దిగిందని ఇలారియో.
క్రియ లేకుండా రాద్దామని లియెంతుర్,
అర్ధరాత్రి దాటాక ఎవరికైనా తోచే మాటే.
మా వార్డులో ఒకే కాగితం మీద
రెండూ రాస్తామని చెప్పాను,
పక్కన టైము వేస్తే చాలు.
అందుకే మా పేజీ ఒక టైముతో మొదలవుతుంది:
మధ్యాహ్నం మూడు దాటి పదకొండు నిమిషాలు.

ఏడుకి అయిదు పాయింట్ ఎనిమిది వచ్చింది.
మార్జిన్లో ఎర్ర సిరా:
“దూడ పేరా నర్సుదని తెలిసిపోతోంది.”

అది ఇలారియో రాశాడు.
రాసిన రాత్రి కాలిక్యులేటర్ ఎక్కడ పెట్టాడో మర్చిపోయి
నా సంచీలో కూడా వెతికాడు.
నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
దిద్దమని ఎవరం అడగలేదు.
గొడుగులు తీసుకుని దిగిపోయాం,
ఎవరి గొడుగు ఎవరు తీసుకున్నారో
వీధిలోకి వచ్చేదాకా చూసుకోలేదు.